36 వోల్టుల ఎల్‌ఈడీ వరుసను ఈఎస్‌పీ32తో డిమ్ చేయడానికి ఏ మాస్‌ఫెట్ వాడాలి?

నీటితోట

అందరికీ నమస్కారం. చేపల తొట్టె మీద పెట్టడానికి ఒక దీపం తయారు చేస్తున్నాను. ఉదయం అరగంట పాటు వెలుగు మెల్లగా పెరగాలి, సాయంత్రం గంట పాటు మెల్లగా తగ్గాలి. ఇప్పుడున్న దీపం ఒక్కసారిగా వెలగగానే చేపలు బెదిరి గాజుకు కొట్టుకుంటున్నాయి. అది చూడలేకే ఈ పని మొదలుపెట్టాను.

నా దగ్గర ఉన్న సరంజామా ఇది. 3 వాట్ల తెల్ల ఎల్‌ఈడీలు పది, అన్నీ ఒకే వరుసలో సిరీస్‌గా కలిపాను. ఒక్కొక్కటి సుమారు 3.3 వోల్టులు తీసుకుంటుంది కాబట్టి మొత్తం 33 వోల్టులు. పవర్ సప్లై 36 వోల్టులు. మధ్యలో 4.7 ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్ పెట్టాను. నడిపించేది ఈఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలర్ బోర్డు. స్విచ్‌గా ఐఆర్‌ఎఫ్520 అనే మాస్‌ఫెట్ (గేట్ అనే కాలికి ఇచ్చే వోల్టేజీని బట్టి డ్రెయిన్, సోర్స్ అనే మిగతా రెండు కాళ్ల మధ్య కరెంట్‌ను వదిలే భాగం) బిగించి ఉన్న చిన్న మాడ్యూల్ వాడాను. దాన్ని సెకనుకు వందల సార్లు తెరిచి మూస్తూ వెలుగు తగ్గించాలని ఆలోచన.

వరుసను నేరుగా సప్లైకి కలిపితే చక్కగా వెలుగుతోంది. అదే మాడ్యూల్ ద్వారా కలిపితే డ్యూటీ (స్విచ్ తెరిచి ఉండే సమయపు వాటా) నూటికి నూరు శాతం ఇచ్చినా సగం వెలుగు కూడా రావడం లేదు. పైగా మాస్‌ఫెట్ మీద వేలు నిలపలేనంత వేడి. ప్రోగ్రాంలో తప్పు లేదు, పిన్ దగ్గర 3.3 వోల్టులు వస్తున్నాయని మల్టీమీటర్‌తో చూశాను. డేటాషీట్ (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) మొదటి పేజీలో 100 వోల్టులు, 9.2 ఆంపియర్లు అని ఉంది. నాకు కావలసింది 0.7 ఆంపియర్ మాత్రమే.

49 ఆంపియర్ల ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ తెచ్చుకుంటే సరిపోతుందా? లేక టిప్122 ట్రాన్సిస్టర్ మేలా? సాలిడ్ స్టేట్ రిలే కూడా ఒకటి ఉంది. ఏది వాడాలో, ఎందుకో చెప్పగలరా?

టంకం_చేతులు

నీటితోట గారూ, మీ మాస్‌ఫెట్ చెడిపోలేదు. దాన్ని సగం తలుపు తీసి వదిలేశారు, అంతే.

డేటాషీట్ మొదటి పేజీలోని ఆంపియర్ల అంకెను పక్కన పెట్టండి. లోపల రెండు వరుసలు చూడాలి. మొదటిది గేట్ థ్రెషోల్డ్ వోల్టేజీ. ఐఆర్‌ఎఫ్520కి అది 2 నుంచి 4 వోల్టులు. ఇది చూసి చాలామంది "3.3 వోల్టులు ఇస్తున్నాను కదా, మధ్యలోనే ఉంది కదా" అనుకుంటారు. కానీ ఆ అంకెను ఎంత కరెంట్ దగ్గర కొలిచారో అదే వరుసలో రాసి ఉంటుంది: 250 మైక్రోఆంపియర్లు. అంటే థ్రెషోల్డ్ అనేది మాస్‌ఫెట్ కన్ను తెరవడం మొదలుపెట్టే వోల్టేజీ. మీ దీపానికి అంతకు రెండున్నర వేల రెట్లకు పైగా కరెంట్ కావాలి.

రెండోది అసలైన వరుస: పూర్తిగా తెరుచుకున్నప్పుడు డ్రెయిన్‌కూ సోర్స్‌కూ మధ్య మిగిలే నిరోధం. ఐఆర్‌ఎఫ్520కి 0.27 ఓమ్ అని ఉంటుంది, పక్కనే "గేట్ వద్ద 10 వోల్టులు ఉన్నప్పుడు" అని షరతు ఉంటుంది. 3.3 వోల్టుల దగ్గర ఎంతో తయారీదారు చెప్పలేదు. చెప్పని చోట హామీ లేదు. మీరు అడిగిన ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ కథా ఇదే. దాని 17.5 మిల్లీఓమ్‌లు కూడా 10 వోల్టుల గేట్‌కే, థ్రెషోల్డ్ కూడా అదే 2 నుంచి 4. కాబట్టి ఆంపియర్లు అయిదు రెట్లు పెరిగినా మీ ఇబ్బంది అక్కడే ఉంటుంది.

ఒక కొలత తీసి చెప్పండి. డ్యూటీ 100 శాతం పెట్టి రెసిస్టర్ మీద ఎన్ని వోల్టులున్నాయో, డ్రెయిన్ సోర్స్‌ల మధ్య ఎన్ని ఉన్నాయో చూడండి.

పాతరేడియో

నేను ముప్పై ఏళ్లుగా ట్రాన్సిస్టర్లతోనే పని చేస్తున్నాను. 0.7 ఆంపియర్‌కు ఇంత ఆలోచన అవసరం లేదని నా అభిప్రాయం. టిప్122 పెట్టండి. 100 వోల్టులు తట్టుకుంటుంది, కనీసం వెయ్యి రెట్ల కరెంట్ గెయిన్ ఉంటుంది, 3.3 వోల్టుల పిన్ నుంచి 1 కిలోఓమ్ రెసిస్టర్ ద్వారా బేస్‌కు రెండు మిల్లీఆంపియర్లు ఇస్తే పూర్తిగా తెరుచుకుంటుంది. గేట్ థ్రెషోల్డ్ గొడవ లేదు, చేతి స్థిర విద్యుత్తుకు చచ్చిపోయే భయమూ లేదు.

సన్నతీగ

రిలే గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి ఒక్క మాట. మామూలు సాలిడ్ స్టేట్ రిలేలో చాలావరకు ఉండేది ట్రయాక్. ఏసీ కోసం చేసినది. ఒకసారి తెరుచుకుంటే కరెంట్ సున్నా అయ్యేదాకా మూసుకోదు, డీసీలో కరెంట్ సున్నా కాదు. వెలిగించగలరు గానీ ఆర్పలేరు. మామూలు రిలే అయితే డిమ్ చేయడానికి కావలసిన వేగంతో కదలనే కదలదు. కదిలిందనుకున్నా, లక్షసార్లు పనిచేసే రిలేను సెకనుకు 500 సార్లు కొట్టిస్తే 200 సెకన్లలో దాని ఆయువు తీరిపోతుంది.

నీటితోట

కొలిచాను. రెసిస్టర్ మీద 0.7 వోల్టులు. డ్రెయిన్ సోర్స్‌ల మధ్య 4.8 వోల్టులు.

ఓమ్‌లెక్క

మంచి కొలత. 0.7ను 4.7తో భాగిస్తే 0.15 ఆంపియర్ ప్రవహిస్తోంది. 4.8 వోల్టులు × 0.15 ఆంపియర్ = 0.72 వాట్లు మాస్‌ఫెట్‌లోనే కాలిపోతున్నాయి. హీట్‌సింక్ లేని ఆ ఆకారపు ప్యాకేజీకి వాటుకు సుమారు 62 డిగ్రీలు పెరుగుతుంది. అంటే గది వేడి మీద మరో 45 డిగ్రీలు. మీ వేలు చెప్పింది నిజమే. మిగిలిన లెక్కా సరిపోయింది: 36 నుంచి 4.8, 0.7 తీసేస్తే 30.5 వోల్టులు ఎల్‌ఈడీలకు మిగులుతున్నాయి. పదికీ పంచితే 3.05. తక్కువ కరెంట్ దగ్గర ఎల్‌ఈడీ అంతే తీసుకుంటుంది.

ఇప్పుడు టిప్122 మాట. పాతరేడియో గారి లెక్కను కొట్టిపారేయలేను. 3 ఆంపియర్ల దగ్గర ఆ ట్రాన్సిస్టర్ మీద గరిష్ఠంగా 2 వోల్టులు పోతాయని డేటాషీట్ చెబుతుంది. అంటే 6 వాట్లు, హీట్‌సింక్ లేకపోతే 375 డిగ్రీల పెరుగుదల, అంటే కాలిపోవడమే. కానీ 0.7 ఆంపియర్ దగ్గర పోయేది దాదాపు ఒక వోల్టు. 0.7 వాట్లు, 44 డిగ్రీలు. చిన్న అల్యూమినియం ముక్క తగిలిస్తే బతుకుతుంది. పెద్ద కరెంట్లకు పనికిరాని భాగం చిన్న కరెంట్‌కు పనికిరావచ్చు, ఇది ఒప్పుకోవాలి.

నాకున్న అభ్యంతరం వేరు. ఈ వలయంలో 36లో ఎల్‌ఈడీలకు 33 పోగా మిగులు మొత్తం 3 వోల్టులే. అందులో ఒక వోల్టును ట్రాన్సిస్టర్ తినేస్తే, రెసిస్టర్‌కు మిగిలేది తగ్గి పూర్తి వెలుగు ఎప్పటికీ రాదు. అదే సరైన మాస్‌ఫెట్ అయితే 25 మిల్లీఓమ్‌ల దగ్గర 0.7 ఆంపియర్‌కు పోయేది 17.5 మిల్లీవోల్టులు. ఉన్నట్టే తెలియదు.

పాతరేడియో

ఆ మిగులు మాట నేను చూడలేదు, నిజమే. 12 వోల్టుల మోటారుకైతే ఒక వోల్టు పోయినా పట్టించుకోను, ఇక్కడ పట్టించుకోవాలి. సరే, మరి 3.3 వోల్టుల గేట్‌తో పూర్తిగా తెరుచుకునే మాస్‌ఫెట్ పేరు చెప్పండి. 36 వోల్టులు కూడా తట్టుకోవాలి. చిక్కు అక్కడే ఉందని నా అనుమానం.

టంకం_చేతులు

మీ అనుమానం సరైన చోటే ఉంది. ఈ వేదికలో ఎవరు అడిగినా "ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ వాడండి" అని ఒక్క ముక్కలో చెప్పి వెళ్లిపోతుంటాం. నేనూ చాలాసార్లు అలాగే చెప్పాను. ఈసారి నిదానంగా చూద్దాం.

ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్‌కు 55 వోల్టులు, థ్రెషోల్డ్ 1 నుంచి 2 వోల్టులు. నిరోధం గేట్ వద్ద 5 వోల్టులకు 25 మిల్లీఓమ్‌లు, 4 వోల్టులకు 35. అక్కడితో పట్టిక ఆగిపోతుంది. 5 వోల్టుల పిన్‌లున్న ఆర్డుయినో ఊనో అనే కంట్రోలర్ బోర్డుకు ఇది చక్కటి జోడి. 3.3 వోల్టుల ఈఎస్‌పీ32కు మాత్రం పట్టికలో గడి లేదు. థ్రెషోల్డ్ తక్కువ కాబట్టి, కావలసింది 0.7 ఆంపియరే కాబట్టి ఆచరణలో పనిచేస్తుంది. నా బల్ల మీద పనిచేసింది కూడా. అయితే నా బల్ల మీద ఉన్నది ఒక ముక్క. మీకు వచ్చే ముక్క థ్రెషోల్డ్ 1.1 దగ్గర ఉందో 1.9 దగ్గర ఉందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. 100 వోల్టుల ఐఆర్‌ఎల్540ఎన్‌దీ ఇదే తీరు, 4 వోల్టులకు 63 మిల్లీఓమ్‌ల దగ్గర పట్టిక ముగుస్తుంది.

రెండో వైపు ఏఓ3400 లాంటి చిన్నవి ఉన్నాయి. వాటికి గేట్ వద్ద 2.5 వోల్టులకే నిరోధం రాసి ఇస్తారు, అంటే 3.3 నిశ్చింత. కానీ డ్రెయిన్ 30 వోల్టులే తట్టుకుంటుంది. మీ సప్లై 36. దీన్ని పెడితే మొదటి మీట నొక్కుడుకే పోవచ్చు.

ఇది యాదృచ్ఛికం కాదు. ఎక్కువ వోల్టేజీని ఆపగలిగేలా సిలికాన్‌ను మలిస్తే నిరోధం పెరుగుతుంది, తక్కువ గేట్ వోల్టేజీకి తెరుచుకునేలా మలచడానికి గేట్ పొరను పలుచన చేయాలి. మామూలుగా దొరికే భాగాల్లో రెండూ ఒకేచోట ఉండటం అరుదు. అందుకే 3.3 వోల్టుల గేట్, 36 వోల్టుల డ్రెయిన్ అనగానే మధ్యలో ఇంకో మెట్టు పెట్టాలి. చిన్న వోల్టేజీ సంకేతాన్ని అందుకుని గేట్‌కు పెద్ద వోల్టేజీ ఇచ్చే గేట్ డ్రైవర్ చిప్ పెట్టండి. టీసీ4427 ఉంది. 4.5 నుంచి 18 వోల్టుల సప్లైతో నడుస్తుంది, 2.4 వోల్టులు దాటితే "ఒకటి" అని గుర్తిస్తుంది, గేట్‌ను 1.5 ఆంపియర్ల వరకు నెట్టగలదు. దానికి 12 వోల్టులు ఇస్తే గేట్‌కు 12 వోల్టులు అందుతాయి. అప్పుడు మీ పెట్టెలో ఉన్న ఐఆర్‌ఎఫ్520 కూడా చల్లగా పనిచేస్తుంది.

రంగులరేఖ

మధ్యలో వచ్చి అడుగుతున్నందుకు మన్నించండి. నాది 12 వోల్టుల రంగుల ఎల్‌ఈడీ పట్టీ, 5 మీటర్లు, మీటరుకు 14.4 వాట్లు. ఆర్డుయినో ఊనోతో నడపాలి. నాకూ గేట్ డ్రైవర్ కావాలా?

టంకం_చేతులు

రంగులరేఖ గారూ, మీకు అవసరం లేదు. మొత్తం 72 వాట్లు, అంటే 6 ఆంపియర్లు, ఒక్కో రంగుకు 2. పట్టీలోనే రెసిస్టర్లు ఉంటాయి. పిన్ 5 వోల్టులు ఇస్తుంది. రంగుకు ఒక ఐఆర్‌ఎల్‌బీ8721 పెట్టుకోండి: 30 వోల్టులు, గేట్ వద్ద 4.5 వోల్టులకు గరిష్ఠంగా 16 మిల్లీఓమ్‌లు. 2 × 2 × 0.016 = 0.064 వాట్లు. హీట్‌సింక్ ఊసే వద్దు.

పిన్‌కూ గేట్‌కూ మధ్య 150 నుంచి 220 ఓమ్‌ల రెసిస్టర్, గేట్ నుంచి గ్రౌండ్‌కు 10 కిలోఓమ్‌లు పెట్టండి. మొదటిది పిన్ మీద ఒక్కసారిగా పడే కరెంట్‌ను అదుపు చేస్తుంది. ఊనో చిప్‌లో పిన్‌కు 40 మిల్లీఆంపియర్లు దాటకూడదు, 20 లోపు ఉంచడం మంచిది. రెండోది ప్రోగ్రాం మొదలయ్యే లోపు, పిన్ గాలిలో వేలాడుతున్నప్పుడు, గేట్‌ను నేల మీద ఉంచుతుంది. ఇంకొకటి, పట్టీ సప్లై గ్రౌండ్‌నూ ఊనో గ్రౌండ్‌నూ తప్పకుండా కలపండి. ఇక్కడికి "పనిచేయడం లేదు" అని వచ్చే ప్రశ్నల్లో ఎన్నింటికో ఆ ఒక్క తీగే జవాబు.

సన్నతీగ

డ్రెయిన్, సోర్స్ తిరగేసి పెడితే పట్టీ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, డ్యూటీ ఎంత మార్చినా ఆరదు. లోపలి డయోడ్ గుండా కరెంట్ పోతుంది. అలా జరిగితే కోడ్‌ను తిట్టుకోకుండా కాళ్లు చూసుకోండి. అక్షరాలు మీ వైపు ఉంచితే ఎడమ నుంచి గేట్, డ్రెయిన్, సోర్స్. వెనుక లోహపు రేకు కూడా డ్రెయినే.

స్థిరధార

ఆలస్యంగా చూశాను. నీటితోట గారూ, దయచేసి మాస్‌ఫెట్ కొనడం ఒక్క రోజు ఆపండి. ఇక్కడ అందరూ స్విచ్ గురించి నిజమే చెప్పారు, కానీ మీ దీపంలో బలహీనమైన చోటు స్విచ్ కాదు, ఆ 4.7 ఓమ్‌ల రెసిస్టర్.

తెల్ల ఎల్‌ఈడీ వేడెక్కే కొద్దీ దాని వోల్టేజీ తగ్గుతుంది, డిగ్రీకి 2 నుంచి 4 మిల్లీవోల్టులు. మధ్యస్థంగా 3 అనుకుందాం. పది ఎల్‌ఈడీలు 40 డిగ్రీలు వేడెక్కితే 1.2 వోల్టులు తగ్గుతుంది. ఆ తగ్గినదంతా రెసిస్టర్ మీద పడుతుంది. 1.2ను 4.7తో భాగిస్తే పావు ఆంపియర్ అదనం. 0.64తో మొదలైనది 0.9కి చేరుతుంది. కరెంట్ పెరిగితే వేడి, వేడి పెరిగితే మళ్లీ కరెంట్.

ఓమ్‌లెక్క

స్థిరధార గారూ, దిశ సరైనదే, అంకె మాత్రం ఎక్కువైంది. ఎల్‌ఈడీకి కూడా వాలు నిరోధం (కరెంట్ పెరిగే కొద్దీ దాని వోల్టేజీ కొంత పెరగడం) ఉంటుంది కదా. ఈ తరహా వాటికి ఒక్కోదానికి 0.4 ఓమ్ వేసుకున్నా పదింటికి 4. మొత్తం 8.7. అప్పుడు పెరుగుదల 0.14 ఆంపియర్. 0.64 నుంచి 0.78.

స్థిరధార

ఒప్పుకుంటున్నాను, దిద్దినందుకు ధన్యవాదాలు. అయినా 700 మిల్లీఆంపియర్ల ఎల్‌ఈడీకి 780 ఎక్కువే. దానికి మించినది ఇంకోటి ఉంది. 3.3 అనేది సగటు. ఒకే సంచిలోని ఎల్‌ఈడీలు 3.2 ఉన్నా పది కలిసి ఒక వోల్టు తేడా తెస్తాయి. సప్లై 36కు బదులు 36.5 ఇస్తే మరో అర వోల్టు. 3 వోల్టుల మిగులు మీద ఆధారపడిన వలయంలో ఇవన్నీ పెద్ద అంకెలే. మిగులు పెంచితే రెసిస్టర్ పొయ్యి అవుతుంది, తగ్గిస్తే కరెంట్ అదుపు తప్పుతుంది. పెద్ద ఎల్‌ఈడీలను రెసిస్టర్‌తో నడపకూడదని నేను పట్టుబట్టేది ఇందుకే.

స్థిర కరెంట్ బక్ డ్రైవర్ తీసుకోండి, అంటే వోల్టేజీని తగ్గిస్తూ కరెంట్‌ను ఒకే అంకె దగ్గర నిలిపే మాడ్యూల్. అందులో కాయిల్, స్విచ్, కరెంట్‌ను కొలిచే చిన్న రెసిస్టర్ అన్నీ ఉంటాయి. మీరు వెతుకుతున్న మాస్‌ఫెట్ దాని లోపలే ఉంటుంది, దాని గేట్‌ను ఎలా నెట్టాలో ఆ చిప్‌కే తెలుసు. మీకు మిగిలేది డిమ్ అనే ఒక కాలు. చాలా మాడ్యూళ్లలో ఆ కాలికి 2.5 వోల్టులు దాటితే వెలుగు, దాదాపు సున్నా అయితే చీకటి. 3.3 వోల్టుల పిన్ నేరుగా సరిపోతుంది.

పీటీ4115 చిప్ ఉన్న చిన్న బోర్డులు విరివిగా దొరుకుతాయి, కానీ ఆ చిప్ పరిమితి 30 వోల్టులు. పది ఎల్‌ఈడీల వరుసకు చాలదు. అవే వాడాలనుకుంటే వరుసను అయిదేసి చొప్పున రెండుగా విడగొట్టి, 24 వోల్టుల సప్లైతో రెండు బోర్డులు పెట్టాలి. లేదా 56 వోల్టుల వరకు ఇన్‌పుట్ తీసుకునే 700 మిల్లీఆంపియర్ల మాడ్యూల్ కొని సప్లైని 48 వోల్టులకు మార్చండి. బక్ డ్రైవర్‌కు ఇన్‌పుట్ ఎప్పుడూ అవుట్‌పుట్ కంటే కొన్ని వోల్టులు ఎక్కువ ఉండాలి, 36 మీద 33 నడపడం ఇరుకు.

ఒక హెచ్చరిక. డ్రైవర్ అవుట్‌పుట్‌కూ ఎల్‌ఈడీలకూ మధ్య ఈ మాస్‌ఫెట్‌ను పెట్టి తెంచుతూ కలుపుతూ డిమ్ చేద్దామని మాత్రం అనుకోవద్దు. తెంచగానే డ్రైవర్ కరెంట్ కోసం వెతుక్కుంటూ వోల్టేజీని పైకి లేపుతుంది. మళ్లీ కలపగానే కెపాసిటర్‌లో నిండినదంతా ఎల్‌ఈడీ మీద పడుతుంది. ఎల్‌ఈడీలు వెంటనే పోవు, కొన్ని వారాల్లో ఒక్కొక్కటిగా పోతాయి. నేను అలా ఆరు పోగొట్టుకున్నాను, కారణం తెలియడానికి రెండు నెలలు పట్టింది.

నీటితోట

స్విచ్ ఏదో చెప్పమని వచ్చి, దీపం మొత్తం విప్పాల్సి వస్తోంది. కానీ కారణం అర్థమైంది. మీరందరూ ఇంత ఓపికగా చెప్పకపోతే ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ తెచ్చి అదే గోడకు మళ్లీ తల కొట్టుకునేవాడిని. 48 వోల్టుల సప్లై, 700 మిల్లీఆంపియర్ల మాడ్యూల్ తీసుకుంటున్నాను. ఈఎస్‌పీ32కు 5 వోల్టులు ఇచ్చే ఎల్‌ఎం2596 బోర్డు ఎలాగూ ఉంది, దాన్ని అదే సప్లైకి కలిపేస్తాను.

సన్నతీగ

కలపకండి! ఎల్‌ఎం2596 ఇన్‌పుట్ 40 వోల్టుల వరకే. 36కు సరిపోయింది, 48కి పోతుంది, పోతూ ఈఎస్‌పీ32ను కూడా తీసుకుపోవచ్చు. 60 వోల్టుల హెచ్‌వీ రకం వేరే ఉంటుంది, అది చూసి తీసుకోండి. లేదా 5 వోల్టులకు విడిగా ఒక ఫోను చార్జర్ పెట్టి గ్రౌండ్‌లు కలపండి.

పాతరేడియో

నీళ్ల పక్కన పని కాబట్టి నా మాట ఒకటి. 48 వోల్టులు డీసీకి పొడి చోట ప్రమాదం తక్కువని లెక్కించే 60 వోల్టుల హద్దు లోపే ఉన్నాయి, మంచిదే. కానీ సప్లై ఇన్‌పుట్ వైపు ఇంటి కరెంట్ ఉంది. దాన్ని తొట్టె కంటే పైన, పక్కగా బిగించండి, తొట్టె మీద కాదు. తీగ ప్లగ్ దగ్గరికి వెళ్లే ముందు కిందికి వంగి మళ్లీ పైకి లేవాలి. నీటి చుక్క జారితే ఆ వంపు దగ్గర కింద పడుతుంది, ప్లగ్‌లోకి పోదు. భూమికి కరెంట్ లీకైతే వెంటనే తెంచే బ్రేకర్ ఆ సాకెట్‌కు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ముందు అది పెట్టించండి, దీపం తరువాత.

నీటితోట

వారం తరువాత రాస్తున్నాను. 5 వోల్టులకు విడి చార్జర్ పెట్టాను, బ్రేకర్ ఉంది, సప్లైని గోడకు బిగించాను. దీపం వెలిగింది! మల్టీమీటర్‌తో వరుసలో కొలిస్తే చల్లగా ఉన్నప్పుడూ, గంట తరువాతా 0.69 ఆంపియర్ దగ్గరే నిలబడింది.

రెండు చిక్కులు మిగిలాయి. మొదటిది, ఈఎస్‌పీ32 ఆన్ చేసిన ప్రతిసారీ ఒక్క క్షణం దీపం పూర్తి వెలుగుతో మెరుస్తోంది. చేపలు అదిరిపోతున్నాయి. రెండోది, అతి తక్కువ వెలుగు దగ్గర దీపం వణుకుతోంది. డ్యూటీకి 16 బిట్లు (అంటే 65,536 మెట్లు) పెట్టాను, మెట్లకు కొరత లేదు కదా అనుకున్నాను.

స్థిరధార

మొదటిదానికి జవాబు డిమ్ కాలిలోనే ఉంది. మీ మాడ్యూల్‌లో ఆ కాలిని ఏమీ కలపకుండా వదిలేస్తే "పూర్తి వెలుగు" అని అర్థం. ఈఎస్‌పీ32 లేచే లోపు పిన్ వేలాడుతుంది, మాడ్యూల్ వెలిగిపోతుంది. డిమ్ నుంచి గ్రౌండ్‌కు ఒక పుల్‌డౌన్ (కాలిని సున్నా వైపు లాగే రెసిస్టర్) పెట్టండి. లోపల పైకి లాగే రెసిస్టర్ ఉంటుంది కాబట్టి 100 కిలోఓమ్‌లు చాలకపోవచ్చు. 4.7 కిలోఓమ్‌లతో మొదలుపెట్టి, ఈఎస్‌పీ32 తీగ ఊడదీసి, మాడ్యూల్ మాత్రం ఆన్ చేసి, డిమ్ కాలి దగ్గర వోల్టేజీ మాడ్యూల్ చెప్పిన ఆపు హద్దు కంటే బాగా కింద ఉందో లేదో కొలవండి.

ఓమ్‌లెక్క

రెండోది లెక్కల విషయం. ఈఎస్‌పీ32లో 80 మెగాహెర్ట్జ్ గడియారంతో 16 బిట్లు తీసుకుంటే ఫ్రీక్వెన్సీ 1220 హెర్ట్జ్. ఒక మెట్టు అంటే 12.5 నానోసెకన్లు. మీ డ్రైవర్‌లోని కాయిల్‌లో కరెంట్ సున్నా నుంచి 0.7కి ఎక్కడానికే కొన్ని మైక్రోసెకన్లు పడుతుంది. అంతకంటే చిన్న పల్స్ ఇస్తే కరెంట్ సగం దారిలో తిరిగొస్తుంది, ఒక్కోసారి అసలు లేవదు. ఆ వణుకు అదే. మైక్రోకంట్రోలర్‌కు ఎన్ని మెట్లున్నాయన్నది కాదు, డ్రైవర్‌కు ఎన్ని అర్థమవుతాయన్నది చూడాలి.

ముందు మీ మాడ్యూల్ డిమ్ ఫ్రీక్వెన్సీ హద్దు చూడండి. చాలావాటికి 1 కిలోహెర్ట్జ్ లోపే. 500 హెర్ట్జ్‌కు దించితే 1 శాతం అంటే 20 మైక్రోసెకన్లు, అక్కడిదాకా నిలకడగా రావాలి. ఇందులో ఒక బేరం ఉంది, దాచను. ఐఈఈఈ అనే ఇంజినీర్ల సంస్థ 1789 నంబరు సిఫార్సు ప్రకారం పూర్తిగా వెలిగి పూర్తిగా ఆరే దీపానికి 1250 హెర్ట్జ్ పైన ఉంటే కళ్లకు ఇబ్బంది తక్కువ. 500 దగ్గర మామూలు చూపుకు తెలియకపోయినా, వీడియో తీస్తే చారలు కనిపించవచ్చు. తొట్టె ముందు కూర్చుని చదువుకునే అలవాటు ఉంటే ఆలోచించండి.

నీటితోట

4.7 కిలోఓమ్‌లతో మెరుపు పోయింది. 500 హెర్ట్జ్ దగ్గర 1 శాతం దాకా వణుకు లేదు. కానీ తెల్లవారుజామున చీకటి నుంచి 1 శాతానికి ఎగిరే ఆ మొదటి మెట్టు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. 1 శాతం అంటే ఏమీ కాదనుకున్నాను.

ఓమ్‌లెక్క

కంటికి అది 1 శాతం కాదు. కాంతి 18 శాతం ఉంటే కన్ను దాన్ని సగం వెలుగు అనుకుంటుంది. 1 శాతం కాంతిని సుమారు 9 శాతంగా చూస్తుంది. చీకటి నుంచి 9కి దూకుతున్నారు. పైన కూడా డ్యూటీని సమానంగా పెంచకండి. 1931 నాటి సీఐఈ (కాంతి ప్రమాణాల అంతర్జాతీయ సంస్థ) కొలమానాల మీద కట్టిన వెలుగు వంపు ఉంది కదా, దాని ప్రకారం పట్టిక చేసి పెట్టుకుంటే పెరుగుదల కంటికి సమంగా ఉంటుంది. కింది అంచును మాత్రం ఆ డ్రైవర్ ఇవ్వలేదు.

టంకం_చేతులు

అక్కడే మన మాస్‌ఫెట్‌కు పని దొరుకుతుంది. మామూలు 5 మిల్లీమీటర్ల తెల్ల ఎల్‌ఈడీలు నాలుగు తీసుకోండి. ఒక్కోదానికి 100 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి 5 వోల్టులకు పక్కపక్కనే కలపండి, ఒక్కోదానిలో సుమారు 19 మిల్లీఆంపియర్లు పోతాయి. స్విచ్‌గా ఏఓ3400 పెట్టండి. ఇక్కడ 30 వోల్టుల హద్దు అడ్డం కాదు, 3.3 వోల్టుల గేట్‌కు అది హాయిగా తెరుచుకుంటుంది. కాయిల్ లేదు కాబట్టి చిన్న పల్స్ ఇచ్చినా మాట వింటుంది. 1220 హెర్ట్జ్, 16 బిట్లు ఇక్కడ నిజంగా ఉపయోగపడతాయి. ఎంత సన్నని వెలుగైనా తెప్పించవచ్చు.

నాలుగూ కలిసి దాదాపు 0.24 వాట్లు. మీ పెద్ద వరుస 23 వాట్లు, అందులో 1 శాతం 0.23. ముందు చిన్నవి సున్నా నుంచి పూర్తిగా వెలగనివ్వండి, తరువాత పెద్దది 1 శాతంతో అందుకుంటూ ఉంటే చిన్నవి తగ్గాలి. రెండింటి సామర్థ్యం ఒకటి కాదు కాబట్టి కలిసే చోటును కంటితోనే సరిచేసుకోవాలి.

రంగులరేఖ

నా పట్టీ పనిచేసింది. మూడు మాస్‌ఫెట్లూ చేతికి చల్లగానే ఉన్నాయి. గ్రౌండ్ తీగ మాట చెప్పకపోతే నేనూ మర్చిపోయేవాడినే. నీటితోట గారి తెల్లవారు ఎలా వచ్చిందో తెలుసుకోవాలని రోజూ ఇక్కడికి వచ్చి చూస్తున్నాను.

నీటితోట

చిన్న ఎల్‌ఈడీలు నిన్న రాత్రి పెట్టాను. కలిసే చోటు సరిచేయడానికి గది చీకటి చేసి గంటన్నర కూర్చున్నాను. చిన్నవి 70 శాతం దగ్గర ఉన్నప్పుడు పెద్దది అందుకుంటే అతుకు కనిపించడం లేదు. ఈ ఉదయం 6 గంటలకు తొట్టె ముందు కూర్చున్నాను. దీపం ఎప్పుడు వెలగడం మొదలైందో నాకే తెలియలేదు. చేపలు రాళ్ల చాటు నుంచి ఒక్కొక్కటిగా బయటికి వచ్చాయి, గాజు వైపు ఒక్కటీ పరుగెత్తలేదు.

టంకం_చేతులు

చాలా సంతోషం. డ్రైవర్ మాడ్యూల్ ఎంత వేడెక్కుతోంది? మూసిన పెట్టెలో పెట్టారా?

నీటితోట

మూసిన పెట్టెలోనే ఉంది. పూర్తి వెలుగులో మూడు గంటలు నడిపి కొలిస్తే పైభాగం 58 డిగ్రీలు. ఆదివారం పెట్టెకు కింద నాలుగు, పైన నాలుగు రంధ్రాలు చేసి మళ్లీ కొలిచి రాస్తాను. పైవి నీటి ఆవిరి తగలకుండా తొట్టెకు అవతలి వైపు చేస్తాను.